పొయ్యి వెలిగించని ఇల్లు

పాలు విరిగిపోతాయని హన్నా టీచరు మూడోసారి చెప్పింది. కరుణ కదల్లేదు.

వంటింట్లో కొత్త గ్యాసు పొయ్యి, దాని మీద కొత్త గిన్నె, గిన్నెలో ఎనిమిది లీటర్ల పాలు. ఆరింటికి పోసినవి ఎనిమిదిన్నరకీ పోసినట్టే ఉన్నాయి. మే నెల, పైగా కాలవలకి నీళ్ళు కట్టేసిన వారం, ఆకు కూడా కదలడం లేదు. లైటరూ అగ్గిపెట్టె రెండూ బొడ్లో దోపుకుని కరుణ వీధి అరుగు మీద కూర్చుంది. కోపంగా లేదు, ఏడుపు మొహం పెట్టలేదు, ఊరికే కూర్చుంది. అత్తగారికి ఒళ్ళు మండింది కూడా అందుకే.

"ఒంట్లో బాగోలేదా అమ్మాయ్?"

"బానే ఉందండి అత్తయ్యగారూ."

"మరి లేచి పొయ్యి వెలిగించవేం?"

"వెలిగించనండి."

ఎందుకని అడిగితే కరుణ వీధి వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళు పిల్లకాయల నోళ్ళు విప్పించిన పంతులమ్మకి సొంత కోడలి నోరు విప్పించడం చేతకాలేదు. చేతికర్ర నేలకేసి కొట్టి లోపలికి వెళ్ళింది. రెండు నిమిషాలకి మళ్ళీ వచ్చి నిలబడింది.

సాయంత్రం నాలుగింటికి గృహప్రతిష్ఠ ప్రార్థన. పాస్టరు ఇశ్రాయేలు గారు అమలాపురం నుంచి వస్తారు. అరవై మందిని పిలిచింది హన్నా టీచరే. అందులో సగం మంది ఆవిడ దగ్గర అఆలు దిద్దినవాళ్ళు. అందరికీ టీ, సేమ్యా పాయసం. కొత్తింట్లో పాలు కాచడం మన ఆచారం కాదు కదమ్మా అని పాస్టరు గారు నవ్వితే, ఆచారం సంగతి నాకెందుకు బాబూ, వచ్చినవాళ్ళు ఆకలితో వెళ్ళకూడదు అని ఆవిడ కొట్టిపారేసింది. డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో పుట్టిన ఊళ్ళో పదిమందిని పిలిచి పెట్టుకునే భోగం వచ్చింది. కోడలు చూస్తే ఇదీ వరస.

ఇల్లంటే నగరం అనే ఊరు దాటాక, కాలవ గట్టున కొబ్బరితోటలో ఉన్న పాత మకాం. తోట కాపలాకీ, కాయ దింపినప్పుడు రాశులు పోసుకోవడానికీ రైతులు కట్టుకున్నది. హన్నా టీచరు కొడుకు శ్యామ్ బాబు దాన్ని కొని, పెంకులు మార్పించి, గచ్చులు వేయించి, సెలవులకి వచ్చి ఉండటానికి రెండో ఇల్లు చేసుకున్నాడు. మొదటిది హైదరాబాదులో, మియాపూరులో ఆరో అంతస్తు ఫ్లాటు.

అంతలో పక్క తోటలోంచి యామిని వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. మొగుడు గోపీకృష్ణ ఆటో తోలుతాడు. ఆరు నెలల ఆడపిల్ల, రేకుల ఇల్లు. ఇల్లు బాగుచేయిస్తున్న ఈ నెల్లాళ్ళలో కరుణ నాలుగు మాటలు మాట్లాడింది ఈ ఊళ్ళో ఆ పిల్లతోనే. ఏవన్నా సాయం కావాలాండి అని గుమ్మంలోనే నిలబడి అడిగింది.

కరుణ లేచింది. "ఈ పాలు మీ ఇంట్లో కాచిపెడతావా యామినీ? సాయంత్రం టీ, పాయసం కూడా అక్కడే కానిచ్చెయ్యి. సరుకులన్నీ ఇస్తాను."

"ఆయ్. దానికేముందండి."

ఎందుకని ఒక్క ముక్క అడగలేదు. గిన్నెకి ఒక పక్క తను, ఒక పక్క కరుణ పట్టుకుని తోట దాటించారు. హన్నా టీచరు అరుగు మీద నిలబడి అదంతా చూసింది. మన ఇంటి ప్రార్థనకి పాలు పొరుగింట్లో కాగడమేమిటి, మన పొయ్యికేం రోగం అని గొణిగి, కుర్చీ ఈడ్చుకుని గోడకేసి తిరిగి కూర్చుంది.

శ్యామ్ బాబు కుర్చీల ఆటో వెనకే వచ్చాడు. షామియానా ఎక్కడ కట్టాలో చెబుతూనే తల్లి ఫిర్యాదు విన్నాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఇలాంటి పేచీ ఒక్కటి పెట్టలేదు. అసలు పేచీయే పెట్టలేదు.

"ఏవయింది కరుణా?"

"రేవు దాకా రండి."

కాలవ కట్టేయడంతో రేవులో నీళ్ళు అడుగంటాయి. ఏడాది పొడుగునా మునిగి ఉండే ఆఖరి మెట్టు బయటపడింది. పొద్దున్నే పాలక్యాను మూత దొర్లిపోతే తెచ్చుకోవడానికి కరుణ అక్కడికి దిగింది. దిగాక చూస్తే అది మెట్టు కాదు. పొడుగాటి సిమెంటు స్తంభాన్ని అడ్డంగా పడుకోబెట్టారు. పాచి కింద పసుపు రంగు కనబడింది. గోటితో గీకితే అక్షరాలు వచ్చాయి. గ్యాసు పైపులైను, తవ్వరాదు.

శ్యామ్ బాబు పంచె పైకి లాక్కుని గొంతుక్కూర్చుని చదివాడు. చదవడానికి మూడు మాటలే ఉన్నా చాలాసేపు చదివాడు.

ఆయనది ఇన్సూరెన్సు సర్వేయరు ఉద్యోగం. కాలిన గోడౌన్లు, మునిగిన రైసుమిల్లులు చూసి ఏది ఎందుకు పోయిందో రాసిచ్చే మనిషి. స్నేహితులు గోవాలోనూ కేరళలోనూ కళ్ళు మూసుకుని ఇళ్ళు కొంటుంటే ఈయన కోనసీమ అంతా రెండేళ్ళు తిరిగాడు. ఓడలరేవు వైపు చూపించిన ఇల్లు వద్దన్నాడు, సముద్రం గట్టు కోసేస్తోందని. లంకలో ఇల్లు వద్దన్నాడు, వరదొస్తే పడవ తప్ప దారి లేదని. ముమ్మిడివరం దగ్గర తోట బాగుంది గానీ చుట్టూ రొయ్యల చెరువులు, బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. చివరికి ఇది నచ్చింది. గట్టు ఎత్తు, ఆసుపత్రి అరగంట, తుఫాను షెల్టరు నడిచిపోయేంత దూరం.

గ్యాసు సంగతి మరిచిపోయాడా అంటే, లేదు. అన్నిటికంటే ఎక్కువ అదే చూశాడు. రోడ్డు పక్కన ఒక గుర్తురాయి ఉంది, కాలవ అవతల ఇంకోటి ఉంది. రెండిటి మధ్యా గీత గీస్తే పైపు ఇంటికి రెండు వందల మీటర్ల అవతల పోతోంది. అది కాగితం మీద గీసి కరుణకి చూపించాడు. ఆవిడ సరేనంది.

ఆవిడకి చూపించక తప్పదు మరి. కాకినాడలో నర్సుగా చేసిన మనిషి. ఈ నగరం ఊళ్ళోనే తెల్లారకుండా గ్యాసు పైపు పేలి జనం కాలిపోయిన రోజున, కాలిన గాయాల వార్డులో డ్యూటీలో ఉంది. పదకొండేళ్ళు కావస్తోంది. ఆ రోజు గురించి ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. ఆ తర్వాత ఆవిడకి ఏడుపు రావడం మానేసింది. సొంత తల్లి పోయినప్పుడు కూడా రాలేదు. కూతురి పెళ్ళిలో కూడా అందరూ నవ్వుతున్నారు కదా అని నవ్వింది. కరుణది గుండె ధైర్యం అని చుట్టాలు మెచ్చుకున్నారు. ధైర్యమూ లేదు పాడూ లేదు, లోపల మొద్దుబారిపోయింది, అంతే.

"ఎక్కడిదో తెచ్చి వేసుంటారు," అన్నాడు శ్యామ్ బాబు.

"ఎక్కడిదో అడగండి."

"ఆ రెండు రాళ్ళ మధ్యా ఇంకో రాయి ఉండేదంటే..." ఆగిపోయాడు. మిగిలింది సర్వేయరుకి ఒకరు చెప్పనక్కర్లేదు. పైపు తిన్నగా పోయేచోట మధ్యలో రాయి పాతరు. వంకర తిరిగే చోట పాతుతారు.

ఇల్లు అమ్మిన గోవిందరాజులు గారికి అక్కడి నుంచే ఫోను చేశాడు.

ఆయన పావుగంటలో మోటారు సైకిలు మీద వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక గెల బొండాలు కూడా తెచ్చాడు, పిలిచింది ప్రార్థన పనులకనుకుని. అరవై రెండేళ్ళ మోతుబరి. అరుగు మీద ఉన్న హన్నా టీచరుని చూసి చెప్పులు కిందే విడిచాడు. మూడో తరగతి ఆవిడ దగ్గరే చదివాడు.

రేవులో రాయి చూపిస్తే కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఆయ్. ఇది మన తోటలోదేనండి."

"తోటలో ఎక్కడిదండి?" అని శ్యామ్ బాబు అడిగాడు.

గోవిందరాజులు గారు అరుగు వైపు చూశాడు. టీచరు గారు అటు తిరిగి కూర్చుంది. ఇక తప్పదన్నట్టు చెయ్యెత్తి చూపించాడు. ఆయన వేలు రోడ్డు దగ్గర మొదలై వంటింటి వెనక నిమ్మచెట్టు దగ్గర ఆగింది. అక్కడ వంపు తిరిగి, యామిని రేకుల ఇంటి మీదుగా కాలవ దాటింది. రాయి ఆ నిమ్మచెట్టు పక్కనే ఉండేదండి అన్నాడు. నిమ్మచెట్టుకీ వంటింటి గోడకీ మధ్య పన్నెండు అడుగులుంటుంది.

యామిని ఇంటి కిటికీలోంచి ఆవిరి వస్తోంది. పాలు ఆ పొయ్యి మీదే ఉన్నాయి. కరుణ ఆ వేలు చూసింది, ఆ కిటికీ కూడా చూసింది. కానీ ఆలోచన మాత్రం వంటింటి పక్క గది దగ్గరే నిలిచిపోయింది. ఆ గదిలో నిన్ననే మనవరాలి కోసం ఉయ్యాల కట్టించారు.

"పాతిన రాయి ఎందుకు తీసేరండి? ఇల్లు అమ్ముడుపోదనా?" శ్యామ్ బాబు గొంతు గట్టిపడింది.

"అమ్మ తోడండి, ఆ బుద్ధి నాకు లేదండి." పెద్దమనిషి చేతులు జోడించాడు.

"వాడినేమీ అనకు," అంది హన్నా టీచరు. అరుగు దిగి ఎప్పుడొచ్చిందో, కర్ర పట్టుకుని రేవు పైమెట్టు మీద నిలబడి ఉంది. "నేనే తీయించేను."

షామియానా వాళ్ళు మేకులు కొడుతున్న చప్పుడు వినబడింది.

ఆవిడే చెప్పుకొచ్చింది. ఇల్లు చూడ్డానికి మొదటిసారి వచ్చినప్పుడు శ్యామ్ బాబు రోడ్డు మీద టేపు పట్టుకుని కొలుస్తున్నాడు. కరుణ తలనొప్పని కారులోనే ఉండిపోయింది. తోటలో తిరిగింది తనూ గోవిందరాజులూ. పసుపు రాయి చూడగానే సంగతి తెలిసిపోయింది. కోడలి కంటపడితే ఈ గుమ్మం తొక్కదనీ తెలిసింది. వారానికి కోడలు మళ్ళీ వచ్చేసరికి అది అక్కడ ఉండకూడదని చెప్పింది.

"మా టీచరు గారు ఇన్నేళ్ళకి నోరు తెరిచి ఒకటి అడిగేరండి," అన్నాడు గోవిందరాజులు గారు. "కాదనడానికి నాకు నోరు రాలేదండి. రేవులో మెట్టు విరిగుంటే దాంట్లో వేయించేను. మీకు తెలుసనే అనుకున్నానండి శ్యామ్ బాబు గారూ."

ఇదీ పెద్దమనుషుల మర్యాద. ఎదుటివాళ్ళని నొప్పించకూడదని రాయి పీకేశాడు, పీకేశానని చెబితే నొచ్చుకుంటారని చెప్పడం మానేశాడు.

"అమ్మా," అన్నాడు శ్యామ్ బాబు, "కోనసీమలో నీకు ఇంకో ఇల్లే దొరకలేదా?"

"ఇల్లు కావాలని ఎవరన్నార్రా? నాకు ఈ అరుగు కావాలి."

గోవిందరాజులు గారు తల దించుకున్నాడు. వినబోయేది ఆయనకి తెలుసు.

"మా నాన్న ఈ తోటలో చెట్లెక్కి కాయ దింపు తీసేవాడు. అమ్మా నేనూ కాయలు ఏరి రాశి పోసేవాళ్ళం. మధ్యాన్నం దాహమేస్తే ఈ అరుగు కింద దోసిలి పట్టుకుని నిలబడేవాళ్ళం. గోవిందరాజులు వాళ్ళ నాయనమ్మ చెంబుతో పోసేది. మంచి మనిషే. నీళ్ళు చల్లగా ఉండేవి. పై నుంచి పోసేవారు, అంతే." ఆవిడ కర్రతో అరుగు వైపు చూపించింది. "మా నాన్న ఒక్క రోజు ఈ అరుగు మీద కూర్చోలేదు. నేను కూర్చుంటాను. కింద పైపుందో ఏముందో నాకనవసరం. పేలితే పేలనీ, నా అరుగు మీద ఉండి పోతాను."

కరుణ వింది. జాలి పడవలసిన చోటని తెలుసు. ఇంత మోసం చేసినందుకు కోపం రావాలనీ తెలుసు. రెండిటి కోసమూ కాసేపు ఆగి చూసింది. ఏదీ రాలేదు.

"మీరు కూర్చోండి అత్తయ్యగారూ. అక్షయ మాత్రం పాపతో ఈ ఇంట్లో పడుకోదు."

అక్షయ వీళ్ళ ఒక్కగానొక్క కూతురు. రాజమండ్రి కాలేజీలో లెక్చరరు. నాలుగు నెలల పాపతో ఈ రోజే వస్తోంది, సెలవు అయ్యేదాకా ఇక్కడే ఉండటానికి. ఫోను చేస్తే ఎత్తలేదు. అల్లుడు ప్రవీణ్ కుమార్ ఎత్తి, కారు అప్పుడే రావులపాలెం దాటిందనీ, అమలాపురంలో చుట్టాలింట్లో భోజనాలయ్యాక వస్తామనీ, తల్లీపిల్లా నిద్రపోతున్నారనీ, తను వీళ్ళని దింపేసి వెంటనే వెనక్కి వెళ్ళిపోవాలనీ చెప్పాడు. సరే రండి అంది కరుణ. ఫోనులో చెప్పేది కాదది.

ఇంట్లోకి వచ్చాక శ్యామ్ బాబు తలుపు దగ్గరకి వేసి నచ్చజెప్పడం మొదలుపెట్టాడు. లైను మనుషులు వారం వారం నడిచి చూసుకుంటారట. ఈ పైపు వెంట ఎన్ని ఊళ్ళున్నాయో లెక్క లేదట. హైదరాబాదులో రోడ్డు దాటడం ఇంతకంటే ప్రమాదమట. చెబుతున్నవన్నీ నిజాలే. ఆయన గొంతులో మాత్రం నమ్మకం లేదు.

"ప్రార్థన అయ్యేదాకా ఎవరి దగ్గరా అనకు కరుణా. అమ్మ పరువు పోతుంది. రేపు పొద్దున్న ఏదో ఒకటి చెప్పి అక్షయని మనతో తీసుకుపోదాం. ఒక్క రాత్రికి ఏమవుతుంది?"

"ఆ రోజు వాళ్ళు కూడా పడుకునే ఉన్నారండి."

పదకొండేళ్ళలో ఆ రోజు గురించి ఆవిడ మొగుడితో అన్న మొదటి మాట అది. శ్యామ్ బాబు మంచం మీద కూలబడ్డాడు. ఇంకా ఏమన్నా చెబుతుందేమోనని చూశాడు. ఆవిడ ఉయ్యాల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

అక్షయ మూడున్నరకి వచ్చింది. అల్లుడు సామాను దింపి, ఒక బొండాం తాగి వెళ్ళిపోయాడు. కరుణ పక్కకి పిలిచేలోపే పాప ముత్తవ్వ ఒడిలోకి చేరిపోయింది. హన్నా టీచరు తెల్లచీర కట్టుకుని, అరుగు నడిమధ్యన కుర్చీ వేయించుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కింద నిలబడి దణ్ణం పెట్టి, టీచరు గారి మునిమనవరాలండి అని బుగ్గలు తడిమారు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. పొద్దుటి గొడవ ఆవిడ మర్చిపోయింది.

నీతో మాట్లాడాలి అని కరుణ రెండుసార్లు అంది. ప్రార్థన అయ్యాక అమ్మా అని అక్షయ రెండుసార్లూ నవ్వింది.

పాటలయ్యాయి. వాక్యం అయింది. పాస్టరు ఇశ్రాయేలు గారు చెమట తుడుచుకుని, ఈ ఇంటి తల్లి లేచి నాలుగు మాటలు సాక్ష్యం చెబుతారని అన్నారు. ఇల్లు ప్రతిష్ఠ చేసినప్పుడు ఇంటావిడ లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం రివాజు. కరుణ ఏ మీటింగులోనూ లేవదని అందరికీ తెలుసు. ఎప్పటిలాగే శ్యామ్ బాబు తను చెప్పడానికి లేవబోయాడు. అప్పటికే కరుణ నిలబడింది.

"నాకు సాక్ష్యం చెప్పడం రాదండి," అంది. "ఈ వంటింటి వెనక నుంచి గ్యాసు పైపు పోతోంది. గుర్తురాయి పీకేసి రేవులో వేసేరు. నేను పొద్దున్న చూసేను. అందుకే ఈ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. నా కూతుర్నీ మనవరాల్నీ ఈ రాత్రికి ఇక్కడ ఉంచనండి. మీకు కూడా తెలియాలని చెప్పేను."

అక్షయ మొహం పాలిపోయింది. హన్నా టీచరు పాపని గట్టిగా పట్టుకుని నేల చూపులు చూసింది. గోవిందరాజులు గారు ఆఖరి వరసలో కండువా మడత పెట్టుకుంటున్నాడు.

మిగతా జనంలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. లేచి పరిగెత్తలేదు. పక్కవాళ్ళతో గుసగుసలైనా లేవు. కరుణకి అదే అర్థం కాలేదు.

ముందు వరసలోంచి వెంకటరాజు అనే ముసలాయన మెల్లిగా అన్నాడు. "ఆయ్. తెలుసమ్మా. మా దొడ్లోంచి కూడా అదే లైను."

అక్కడక్కడ తలలూగాయి. వాసనేదన్నా వస్తే పొయ్యిలార్పేసి ఒకళ్ళకొకళ్ళు కబురు చెప్పుకుంటామండి అని ఒకావిడ అంది. వానాకాలం దోమల సంగతి చెప్పినట్టు చెప్పింది.

వెనక షామియానా గుంజ దగ్గర టీ క్యాను పెట్టుకుని యామిని నిలబడి ఉంది. స్టీలు గ్లాసులు ట్రేలో సర్దుతున్నది కాస్తా ఆపింది.

"ఆంటీగారూ, ఒకటి అడగచ్చాండి?"

"అడుగు."

"ఇక్కడ వెలిగించకూడదనాండి, పాలు మా ఇంటికి పంపేరు?"

యామిని గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. తెలుసుకుందామని అడుగుతోంది, అంతే.

"ఆ నిమ్మచెట్టు దగ్గర్నుంచి లైను మా వంటింటి గోడ కిందకే వస్తుందండి. మా పాపని ఆ పక్కనే పడుకోబెట్టి పొద్దుట్నించీ పొయ్యి దగ్గరే ఉన్నాను. అది తెలిసే పంపేరాండి?"

పంపినప్పుడు తెలియదు. అదొక్కటి చెబితే చాలు, అబద్ధం కాదు, అందరూ నమ్ముతారు కూడా. శ్యామ్ బాబు కళ్ళతో అదే చెప్పమంటున్నాడు.

"పంపినప్పుడు తెలీదు యామినీ," అంది కరుణ. ఆగింది. "తర్వాత తెలిసింది. గోవిందరాజులు గారు వేలు పెట్టి చూపించేరు. మీ ఇల్లు కూడా చూపించేరు. తెలిసేక కూడా నిన్ను ఆపలేదు. నువ్వు నాకు గుర్తు రాలేదు."

చెబుతుంటే సిగ్గేసింది. మెడ దగ్గర మొదలై చెవుల దాకా వేడి పాకింది. పదకొండేళ్ళలో ఆవిడకి తగిలిన మొదటి సంగతి అదే. సంతోషమో దుఃఖమో ముందు తిరిగొస్తే బాగుండేది. ఇది వచ్చింది.

"ఆయ్," అంది యామిని. గ్లాసు ఒకటి ట్రేలో సర్దింది. "పోనీలెండి. మీకంటే ఇంకో ఇల్లుంది కాబట్టి ఇక్కడ వద్దనుకున్నారు. మేము ఎక్కడ వద్దనుకోవాలండి?"

పాస్టరు గారు చేతిలో బైబిలు మూయాలో తెరవాలో తెలియక పట్టుకుని నిలబడ్డారు. యామిని ట్రే ఎత్తి ముందు వరస నుంచి టీ పంచడం మొదలుపెట్టింది. అందరూ తీసుకున్నారు. కరుణ ముందుకి వచ్చినప్పుడు ట్రే ఒక్క క్షణం ఆగింది. కరుణ చెయ్యి చాపలేకపోయింది. ట్రే పక్కకి వెళ్ళిపోయింది.

అప్పుడు పాప ఏడుపు అందుకుంది. ఆకలి ఏడుపు. హన్నా టీచరు జోకొట్టింది, ఊపింది, లాభం లేకపోయింది. అక్షయ వెళ్ళి పాపని ఎత్తుకుని, సంచిలోంచి పాలపొడి డబ్బా, సీసా తీసింది. ఫ్లాస్కు వంచి చూసింది. ఖాళీ.

"నీళ్ళు కాచాలమ్మా," అంది.

కరుణ వంటింటి వైపు చూసింది, కూతురి వైపు చూసింది. వెలిగిస్తానని అనలేదు, వద్దనీ అనలేదు. ఏ మాటన్నా అరవై మంది ముందే అనాలి.

అక్షయ కొంచెంసేపు చూసింది. తర్వాత చెప్పులు వేసుకుని, పాపని భుజాన వేసుకుని షామియానా దాటింది.

"యామిని గారూ, మీ పొయ్యి మీద ఒక గ్లాసు నీళ్ళు కాచుకోనిస్తారా?"

"ఆయ్. రండమ్మా." యామిని ట్రే పక్కావిడ చేతికిచ్చి దారి తీసింది. "మా పాప కూడా లేచే వేళయిందండి."

ఇద్దరూ నిమ్మచెట్టు పక్కనుంచే నడిచారు. ఇంకో దారి లేదు. పాప ఏడుపు తోటలోకి, రేకుల ఇంటి వైపుకి పోతోంది. శ్యామ్ బాబు లేచి నిలబడ్డాడు. ఆపు కరుణా, నువ్వైనా చెప్పు, వెనక్కి పిలు అన్నాడు.

కరుణ పిలవడానికి నోరు తెరిచింది. పిలిస్తే ఆ పొయ్యి దగ్గర యామినీ, ఆ పిల్ల పాపా మళ్ళీ మిగిలిపోతారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఆగి, అక్షయని ముందు లోపలికి పంపి, యామిని వెనక్కి తిరిగి ఆవిడ వైపే చూసింది.